కఱ్ఱసామునకు ఇంటిలెక్క

మా యింట జమాఖర్చుల పుస్తకము వ్రాయు పని నాది. కాపురమునకు వచ్చిన మఱుసటి యేటినుండి దాదాపు ఇరువది యేండ్లుగా వ్రాయుచున్నాను. బియ్యము, నూనె, లక్క, అంకుడుకఱ్ఱ, మోటారు కరెంటు, పిల్లల పుస్తకములు, ఇవియే అందులో తిరిగి తిరిగి కనబడుచుండును. 2023వ సంవత్సరము జూలైనెల పుటలో మాత్రము అంతకుముందెన్నడును లేని పద్దొకటి చేరినది: “అమ్మాయికి ఆత్మరక్షణ విద్య”. దాని కెదురుగా అంకె వేయుటకు బదులు ప్రశ్నార్థకమును పెట్టితిని. ఆ గుఱుతును కొట్టివేసి అంకె వ్రాయుటకు నాకు మూడు వారములు పట్టినది. నావంటి గృహిణులకు ఎవరికైన పనికివచ్చునేమోయని ఆ సంగతి వ్రాయుచున్నాను.

మాది ఏటికొప్పాక. వరాహానది యొడ్డున నున్న యూరు. 2022 ఏప్రిలువఱకు విశాఖపట్నము జిల్లాలోనిది, ఆ పిమ్మట అనకాపల్లి జిల్లాలోనిది. ఇచటి లక్కబొమ్మలను ఎఱుగనివారు తక్కువ. 2017లో వీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 జనవరి 26వ తేదీని ఢిల్లీ కర్తవ్యపథమున మన రాష్ట్రపు శకటమై యీ బొమ్మలే నడచినవి. ఆ దృశ్యమును ఇంటిల్లిపాదియు ఫోనులో చూచి పొంగిపోతిమి. ఆ నెల మా పుస్తకమున రాబడి మాత్రము ముందటినెల యంతయే. నా భర్త తరిమెన పనివారు. అంకుడుచెక్కను తిరుగుచున్న లేతుమిషను మీద ఉలితో తీర్చి, లక్కకణికను అదిమిపట్టి, ఆ రాపిడి వేడిమికి కరగిన రంగును మొగలిరేకుతో మెఱుగుపెట్టుట ఆయన చేతివిద్య. పని యున్ననాడు డబ్బు, లేనినాడు లేదు. అడవిలో అంకుడు కొఱతపడిన నెలలలో పని యుండియు లేదు.

మా పెద్దమ్మాయి ఆ యేట ఎలమంచిలిలో ఇంటరుమీడియటు తరగతిలో చేరినది. బస్సు దిగి ఊరిలోనికి నడచివచ్చు త్రోవకు ఇరుప్రక్కల చెఱకుతోటలు. మా ప్రాంతమున చెఱకు ఎంత వృద్ధిలోనిదో, 1933లోనే ఈ చిన్నయూర సహకారపద్ధతిని చక్కెర కర్మాగారము వెలసినదన్న తెలియగలదు. చెఱకు మనిషి తలను మించి పెరిగినప్పుడు ఆ త్రోవ త్రోవగా నుండదు, రెండు గోడల నడుమ సందుగా మాఱును. జూలైలో ఒకనాటి మాపటివేళ ఎవడో మోటారుసైకిలును మెల్లగా నడుపుచు పిల్ల వెనువెంట చాలదూరము వచ్చినాడు. ఒక్కమాటయు ఆడలేదట. ఊరి దీపములు కనబడగానే మరలిపోయినాడట. పిల్ల ఈ సంగతిని నాకు నాలుగుదినములు గడచినపిదప చెప్పినది. ఆ నాలుగుదినములు తానేల చెప్పలేదో నేను అడుగలేదు. చెప్పినచో కళాశాల మాన్పింతుమని భయపడినది. ఆ భయము అకారణము కాదు. ఆ రాత్రి మా యింట జరిగిన ఆలోచనలో మొట్టమొదట వచ్చిన మాట అదియే.

“చదివినంత చాలదా? గుంటను అంతదూరం పంపి మనమిక్కడ గుండెలు చేత్తో పట్టుకోవడమెందుకు?” అని మా అత్తగారనిరి. ఆమెది క్రూరత్వము కాదు, ప్రేమయే. కాని తప్పు చేసినవాడు మోటారుసైకిలుపై హాయిగా తిరుగుచుండగా, శిక్ష చదువుకొను పిల్లకు పడవలసివచ్చుట మన యిండ్లలో ఎంత సహజమైపోయినదో ఆ రాత్రి నాకు తెలిసివచ్చినది. నా భర్త ఏమియు అనక లేచిపోయి తరిమెన ముందు కూర్చుండిరి. ఆయనకు తోచని వేళలయందు అదియే చేయుదురు. ఆ మిషను చప్పుడు వినుచు పుస్తకము తెఱచి ఆ పద్దు వ్రాసితిని.

మొదట పట్టణమున కరాటే నేర్పు చోటును విచారించితిమి. గురువు మర్యాదస్థుడు. రుసుము నెలకు 600 రూపాయలు. తెల్లని దుస్తులకు 900. మూడు నెలల కొకమాఱు పట్టీ పరీక్ష, దానికి 500. వారమునకు మూడు సాయంకాలములు, రానుపోను ఛార్జీలకు దినమునకు 40. ఇవన్నియు ఎట్లో కూడబెట్టుదమన్నను, ఒక సంగతి దగ్గఱ నా కలము నిలిచిపోయినది. పాఠము ముగిసి పిల్ల ఊరు చేరుసరికి రాత్రి ఎనిమిది గంటలగును. అనగా చెఱకుతోటల నడుమ భయము లేకుండ నడచుటకై నేర్చు విద్యకొఱకు, పిల్ల ఆ చెఱకుతోటల నడుమనే కటికచీకటిలో నడువవలెను. ఈ మాట చెప్పగా నా భర్త ఆ వారములో మొదటిసారి నవ్విరి.

ఆ పట్టీలనుగూర్చి ఒక్కమాట. రంగురంగుల పట్టీయు, దానికొక పరీక్షయు, దానికొక రుసుమును లేకున్న విద్యయే రాదని మనవారిలో పెక్కురు తలంచుచున్నారు. జూడో విద్యకు మూలపురుషుడైన కానో జిగోరో 1882లో టోక్యో నగరమున ఒక బౌద్ధాలయమునందు పండ్రెండు చాపలు పఱచినంత చోటున, వ్రేళ్లమీద లెక్కింపదగిన శిష్యులతో పాఠశాల తెఱచెను. నల్లపట్టీ ఆయన ఏర్పఱచినదే. పెక్కురంగుల పట్టీలు తరువాత ఐరోపాలో ప్రబలినవి. కరాటేను ఒకినావా ద్వీపమునుండి 1922లో టోక్యోకు తెచ్చిన ఫునకోషి గిచిన్ బడిపంతులు. యౌవనమున పగలు బడిలో పాఠములు చెప్పి, రాత్రివేళ గురువుగారి యింటి పెరటిలో సాధన చేసినవాడు. టోక్యోలో విద్యార్థుల వసతిగృహమున ఒక చిన్నగదిలో నుండి, అచట కావలికాచి, తోట యూడ్చి పొట్ట పోసికొనుచు ఆ గృహముననే పాఠములు చెప్పెను. ఈ విద్యలు పుట్టినది ధనికుల మేడలలో కాదని తెలిసినపిదప నా మనసు కొంత కుదుటపడినది.

పిల్ల తానై ఫోనులో యూట్యూబు చూచి పెరటిలో సాధన ఆరంభించినది. ఖర్చు లేదు, నిజమే. కాని ఫోనులోని గురువు ఎదుటివాని కుడిచేయి మనకు ఎడమవైపున కనబడునని చెప్పడు. మోకాలు వంకరగా పెట్టినచో కఱ్ఱతో తట్టి సరిదిద్దడు. పదిదినములకే పిల్లకు మణికట్టు వాచి, కొబ్బరినూనె మర్దన నాకు పనియైనది. తొమ్మిదవ తరగతిలో నుండగా సమగ్ర శిక్షా పథకము క్రింద సర్కారుబడిలో బాలికలకు మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పియుండిరి. బిగ్గఱగా అఱచుటకు సిగ్గుపడరాదని పిల్లకు తెలిసినది అచటనే. అది చిన్నలాభము కాదు. అయినను మూడు నెలలు మూడు నెలలే.

అప్పుడు మా అత్తగారే ఒక పేరు చెప్పిరి. ఇది వింతగా లేదా? చదువు మాన్పుమన్నవారే దారిని చూపిరి. ఊరి చివర నొంటరిగా నుండు ఒక వృద్ధుడు యౌవనమున దసరా ఊరేగింపులలో కఱ్ఱసాము చేసెడివాడట. “ఆడు కర్ర తిప్పితే గాలి కోసినట్టుండేది” అని ఆమె ముఖమున అరువది యేండ్లనాటి వెలుగొకటి కనబడెను.

మన తెలుగుదేశమున సాముగరిడీలు కొత్తవి కావు. అమలాపురమున దసరానాళ్లలో కొంకాపల్లివారి చెడీ తాలింఖానా నేటికిని జరుగుచున్నది. అది 1856 నాటిదని చెప్పుదురు. మా ఉత్తరాంధ్రకు విజయనగరమే యీ విద్యలకు రాజధాని. కోడి రామమూర్తినాయుడుగారు వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, తిరిగివచ్చి బడిలో పిల్లలకు వ్యాయామము నేర్పి, పిదప సర్కసు పెట్టి, గుండెకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచినవారు. 1942లో గతించిరి. ఆయన పటము ఆ వృద్ధుని గుడిసెలో పొగచూరి వ్రేలాడుచుండెను. తన గురువు విజయనగరమువాడని తాత గర్వముగా చెప్పెను.

నేర్పుమని యడుగగా, “నేను ఆడపిల్లలకెప్పుడూ నేర్పలేదమ్మా” అనెను. కాదనుటయు కాదు, ఔననుటయు కాదు. మఱుదినము మరల పోతిమి. “ఎవరైనా ఏమైనా అంటారు తల్లీ. నువ్వు కూడా వచ్చి నేర్చుకుంటానంటే చెప్తాను” అనెను. నాకు అప్పటికి నలువదియొక యేండ్లు. గుక్కెడు నీరు త్రాగి సరేయంటిని. ఇట్లు నా పుస్తకములోని పద్దు ఒకరికి బదులు ఇద్దఱిదైనది.

మొదటి పదిదినములు కఱ్ఱను ముట్టనీయలేదు. అడుగులే. ముందుకు, వెనుకకు, ప్రక్కకు, ఒక పాదముపై తిరిగి మరల మొదటిచోటికి. నాకు అడుగులు తప్పుచుండగా, ముగ్గుపిండితో పెరటిలో చుక్కలు పెట్టి వానిమీద పాదములు వేయ నభ్యసించితిని. తాత అది చూచి ముచ్చటపడి, తానును ఒక చుక్క చేర్చెను. చీర కుచ్చెళ్లు ఎగదోపి చుక్కలమీద దుముకుచున్న నన్ను ప్రక్కింటివారు ప్రహరీపైనుండి చూచి, మంత్రసాధన యేమోయని తలంచిరట!

ఇక కఱ్ఱ సంగతి. నా భర్తకు తానును ఏదైన చేయవలెనని యుండెను. మాకు చెప్పకయే రెండు రాత్రులు కూర్చుండి, ఎంచి తెచ్చిన అంకుడుకొమ్మలను తరిమెనపట్టి, ముక్కలు నడుమ బిగించి, పసుపుచాయ లక్కయు, జాఫ్రాగింజల ఎఱుపును పట్టెలు పట్టెలుగా వేసి, నిలువెత్తు కఱ్ఱను తయారుచేసిరి. అంత అందమైన కఱ్ఱ ఏ రాజు చేతను ఉండియుండదు. తాత దానిని చేతులలోనికి తీసికొని, బరువు చూచి, చిఱునవ్వు నవ్వి, తన కఱ్ఱతో ఒక్కమాఱు తాకించెను. అది పెళుక్కున విఱిగి మూడు ముక్కలయ్యెను. అంకుడు మెత్తని తేలిక కలప. ఉలికి లొంగు గుణమే దానిని బొమ్మకు తగినదానిగా చేయుచున్నది. ఆ గుణమే దెబ్బకు తగనిదానిగా చేయుచున్నది. నా భర్త ముక్కలను ఏఱుకొని మాఱుమాట లేక యింటికి వచ్చిరి. లక్కవెలయు, కరెంటును, రెండు రాత్రుల పనియు వేసికొన్న 400 రూపాయల నష్టము. పుస్తకమున దానిని “కఱ్ఱ” యని వ్రాయక “బొమ్మ” యని వ్రాసితిని.

పనికివచ్చినది వెదురు. లోపల బోలు తక్కువగానున్న గట్టిజాతిది, నేలనుండి కనుబొమ్మల యెత్తు వచ్చునది, పిడికిట పట్టినప్పుడు బొటనవ్రేలు చూపుడువ్రేలిని అందుకొనునంత లావుది. రెండింటికిని 160 రూపాయలు. దానిని వెంటనే త్రిప్పరాదు. వరాహనీటిలో రాళ్లు కట్టి మూడు వారములు నానవేసితిమి. వెదురులోపల నుండు పిండిపదార్థమునకై పురుగు చేరును. నీటిలో నానినచో ఆ పిండి కరగిపోవును, పురుగునకు తిండి యుండదు. పిదప నీడను ఆఱవేసి, వంకరయున్నచోట మంటమీద కాచి సాగదీసి, నువ్వులనూనె పట్టించితిమి. ఆ కఱ్ఱలు నేటికిని మా గోడ వారనున్నవి.

కఱ్ఱను బిగించి పిసుకరాదని తాత ఎన్నిమాఱులు చెప్పినను నాకు పట్టుబడలేదు. అఱచేతులు బొబ్బలెక్కినవి. ఒకనాడు నా భర్త చూచి, “లక్కకణికను ఎట్లు పట్టుదునో చూడు” అని తరిమెన దగ్గఱకు తీసికొనిపోయిరి. వ్రేళ్లు వదులు, మణికట్టు నిలకడ. గట్టిగా అదిమినచో లక్క మాడును, వదలినచో అంటదు. ఇరువది యేండ్లు ప్రక్కనే కూర్చుండియు నేను ఆ చేతిని సరిగా చూడలేదు. ఆ దినముననే నాకు కఱ్ఱ ముఖమునకెదురుగా తిరిగినది.

ఊరిలో మాటలు రాకపోలేదు. ఆడువారు కఱ్ఱ పట్టుట కలికాలపు చోద్యమని కొందఱనిరి. చోద్యమేమియు కాదు. 1903 ప్రాంతముననే కలకత్తాలో సరళాదేవీ చౌధురాణి యువకులకై వ్యాయామశాల నెలకొల్పి, కఱ్ఱసాము కత్తిసాములతో ఉత్సవములు జరిపించినది. ఇంగ్లండులో వోటుహక్కుకై పోరాడిన స్త్రీలకు, అయిదడుగుల యెత్తైన లేని ఎడిత్ గారుడ్ అను నామె 1913 నాటికి జుజుత్సు నేర్పి, వారి నాయకురాండ్రకు అంగరక్షకదళమును సిద్ధపఱచినది. ఈ మాటలు మా అత్తగారికి చెప్పగా, “ఎత్తు తక్కువైతే కాళ్లు పట్టుకు లాగాలి” అని సలహా యిచ్చిరి. ఆమె యెచట నేర్చినదో!

తాతకు రుసుము సంగతి ఎత్తితిని. చెవులు మూసికొనెను. విద్య నమ్మరాదట. తాంబూలము, కొబ్బరికాయ, పదునొకండు రూపాయలు, అంతియే. అది విని మొదట నాకు ఎంతో ఊఱటయైనది. కొన్నాళ్లకు ఆ గుడిసెలో పొయ్యి వెలిగినదినములు ఎన్నియో, వెలుగనివి ఎన్నియో కనిపెట్టితిని. మన పూర్వవిద్యలు ఉచితమని సభలలో పొగడుచుందుము. ఎవని ఆకలిమీద ఉచితమో అడుగుట మఱచుచుందుము. కేరళమున వడకర యందు మీనాక్షి అమ్మగారు కళరిపయట్టును నియమిత రుసుము లేకుండ, ఇచ్చిన దక్షిణనే గైకొని వందలమందికి నేర్పి 2017లో పద్మశ్రీ నందిరి. అది చేతులెత్తి మ్రొక్కదగిన ధర్మము. కాని గురువు రుసుము వద్దనినంతమాత్రమున శిష్యుని ఋణము తీఱదు.

నేనొక యుక్తి పన్నితిని. గురువు తినకముందు శిష్యులు తినరాదని మా యింట నియమమని తాతతో చెప్పితిని. అట్టి నియమము మా యింట నెన్నడును లేదు. నాటినుండి ప్రతిసాయంకాలము ఒక గిన్నె అన్నము, కూరయు చారును పంపుచున్నాము. పూటకు 25 రూపాయలు వేసినను నెలకు 750. నా భర్త పుస్తకము చూచి, “కరాటే 600 కదా!” అని హాస్యమాడిరి. నేను కాగితము తీసి లెక్క వేసితిని. కరాటేకు రుసుము 600, నెలకు పండ్రెండు దినముల ఛార్జీలు 480, పరీక్ష రుసుములో నెలవంతు 167, మొత్తము 1,247, దుస్తులు వేఱు. తాత పాఠము 750, అదియు ఇద్దఱకు. చవుకయే. కాని ఉచితము కాదు. జూలైనాటి ప్రశ్నార్థకమును కొట్టివేసి ఆ అంకెనే వేసితిని.

ఒకనాడు మాటలలో, “మీ అమ్మాయికి నేర్పినారా తాతా?” యని మా పిల్ల అడిగినది. ఆయన జవాబు చెప్పక కఱ్ఱకు నూనె రాయసాగెను. రెండు మూడు వారముల పిమ్మట, ఎవరును అడుగకయే, “నేర్పి ఉండవలసింది” అనెను. అంతకుమించి మేమును అడుగలేదు.

నిలువెత్తు కఱ్ఱను భుజమున వేసికొని కళాశాలకు పోజాలరు గదా. మూడవనెలలో తాత మా పిల్ల గొడుగును అడిగి పుచ్చుకొనెను. మూసిన గొడుగును నడుమ పట్టుట, ముందుకు చాచుట, ఎదుటివాడు ఆ మొనను దాటిరాకుండ అడుగులు మార్చుట నేర్పెను. “కొట్టడానికి కాదమ్మా, దూరం కొలవడానికి. పరుగెత్తే చోటుంటే పరుగెత్తు. అఱిస్తే వినేవాళ్లుంటే అఱువు. రెండూ లేకపోతేనే ఇది” అనెను. పాఠములన్నిటిలో నేను మా అత్తగారికి మరల మరల చెప్పినది ఇదియే. ఆమె భయము తగ్గినదియు దీనివలననే.

ఆ మోటారుసైకిలువాడు మరల వచ్చెనాయని పాఠకులు అడుగవచ్చును. రాలేదు. రెండేండ్లలో ఆ గొడుగు వానకును ఎండకును తప్ప దేనికిని విప్పబడలేదు. విద్య పనిచేసినదని నేను కోతలు కోయజాలను. వాడికి వేఱొక త్రోవ దొరికెనేమో, ఆ త్రోవను వేఱొక పిల్ల నడచుచున్నదేమో! ఆ తలపు వచ్చినప్పుడెల్ల నాకు నిద్ర పట్టదు. ఊరి పెద్దలకు చెప్పి ఆ త్రోవను దీపము వేయింపుడని అర్జీ వ్రాసియిచ్చితిమి; దానికై రెండుమాఱులు తిరిగితిమి, ఇంకను తిరుగవలసియున్నది. కఱ్ఱసాము నేర్చితిమి గదాయని దీపము అక్కఱలేదని ఎవరైన అన్నచో వారితో నాకు పోట్లాటయే. పిల్ల మాత్రము చదువు మానలేదు. ఇంటరుమీడియటు ముగించి ఇప్పుడు అనకాపల్లిలో డిగ్రీ చదువుచున్నది.

విఱిగిన రంగులకఱ్ఱ ముక్కలను నా భర్త పాఱవేయలేదు. వానిని కోసి, తరిమెనపై మరల పెట్టి, తొమ్మిది బొంగరములు తీసిరి. ఎనిమిది అమ్ముడుపోయినవి. తొమ్మిదవదానిని తాత అడిగి పుచ్చుకొనెను. దానిని రామమూర్తినాయుడుగారి పటము క్రింద పెట్టుకొనియున్నాడు.

ఇప్పుడు వరాహలో మరల రెండు వెదుళ్లు నానుచున్నవి. వచ్చు ఆదివారము పైకి తీయవలెను. అవి మా యింటివి కావు. మొన్న ప్రహరీపైనుండి చూచి నవ్విన ప్రక్కింటివారివి.